విశ్రాంతి కత్తిరింపు

మైకాయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఆయన గొంతు తెలియనివాళ్లు లేరు, ముఖం తెలిసినవాళ్లు లేరు. బస్టాండులో అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యంగా వస్తుందో, ఏది అసలు రాదో చెప్పడం ఆయన పని. వచ్చే బస్సు గురించి ఎవరైనా చెప్పగలరు. రాని బస్సు గురించి చెప్పడంలోనే ఉంది ఆయన గొప్పతనమంతా. "సాంకేతిక కారణముల వలన" అని ఆ గొంతు మెల్లగా, నిండుగా మొదలుపెట్టేసరికి తిట్టడానికి లేచినవాడు కూడా మళ్లీ మూట మీద కూర్చునేవాడు.

రిటైరయ్యాక ఆ గొంతుకు పని లేకుండా పోయింది. కొన్నాళ్లు ఇంట్లోనే వాడి చూశాడు.

"స్నానాల గదిలో వేడినీళ్లు సిద్ధముగా ఉన్నవి. వెళ్లదలచినవారు వెంటనే వెళ్లగలరు."

"ఇంట్లో ఉన్నది మనమిద్దరమే కదండీ, ఎవరికి చెబుతున్నారు?" అనేది భార్య, కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండా.

ఆవిడ దర్జీ. ముందుగదిలో మిషను, వెనక పెరట్లో తోట. తెల్లవారాక కాసేపు తోటలో, ఆ తరవాత చీకటి పడేదాకా మిషను ముందు. ఎండలు ముదిరితే మొక్కల మొదళ్లకు ఎండుగడ్డి కప్పేది. వానలకు ముందు కాలవలు తీసి, పందిరికి కొత్త తాళ్లు కట్టేది. వానలు వెనకపట్టాక గులాబీలు కత్తిరించేది. చలి మొదలవగానే ఆకు ఎరువు జల్లెడ పట్టి మడులు సిద్ధం చేసేది. వీటి గురించి ఆవిడ తనంతట తానుగా ఎవరికీ చెప్పదు. చెప్పమన్నా నాలుగు మాటలకు మించి రావు. అయితే ఆవిడకూ ఒక బలహీనత ఉంది. అది చిక్కుడు పాదు. పొద్దున్నే గోడ మీంచి పక్కింటి పంతులమ్మను పలకరించేది కానీ, ఆ పలకరింపులో చూపు పంతులమ్మ ముఖం మీద ఉండేది కాదు, ఆవిడ పందిరి మీద ఉండేది. అక్కడ ఇంకా పూత రాలేదని తేలితే ఆ రోజంతా మిషను హాయిగా నడిచేది.

ఈ సంసారంలోకి కెమెరా తెచ్చినవాడు ఆవిడ తమ్ముడు. అతనికి బజారు మలుపులో ఫోటో స్టూడియో ఉంది. జేబుజేబుకూ కెమెరా వచ్చాక స్టూడియోకు గుర్తింపు కార్డుల ముఖాలు తప్ప నవ్వే ముఖాలు రావడం మానేశాయి. ఒక పొద్దున అక్కను చూడడానికి వచ్చేసరికి, అక్క చెమటలు కక్కుతూ ఎరువు జల్లెడ పడుతోంది. బావ టీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద నిలబడి, బస్టాండు గొంతుతో పలుకుతున్నాడు.

"తోటలో ప్రస్తుతము ఎరువు జల్లెడ పట్టబడుచున్నది. మెత్తని ఎరువు మడులకు, గరుకు ఎరువు చెట్ల మొదళ్లకు బయలుదేరును."

బావమరిది నవ్వాపుకోలేక ఫోను తీసి వీడియో పట్టాడు. రాత్రి దాన్ని నలుగురికీ పంపాడు. ఆ నలుగురూ నలభై మందికి పంపారు. వారం తిరక్కుండా జనం "ఆయన ఎవరండీ, ఇంకా చెప్పమనండి" అని అడగడం మొదలుపెట్టారు. అలా మైకాయన కాస్తా "తోట మావయ్య" అయ్యాడు.

ఆ తరవాత పెరట్లో పని రెండుసార్లు జరిగేది. ఒకసారి నిజానికి, ఒకసారి కెమెరాకు. ఆవిడ కాలవ తీసి చేతులు కడుక్కునేసరికి తమ్ముడు దాన్ని పూడ్చమనేవాడు. మళ్లీ మావయ్య తియ్యాలి కదా! మావయ్యకు ఉతికిన చొక్కా, వెడల్పాటి టోపీ, ఏనాడూ మట్టి తగలని రబ్బరు బూట్లు. పార చేతికిచ్చి నిలబెడితే నిజంగానే ముచ్చటగా ఉండేవాడు.

"అక్కా, నువ్వు కొంచెం పక్కకు జరుగు. నీ నీడ పడుతోంది."

ఆవిడ జరిగేది. షూటింగుకు ముందు ఎండాకులు ఏరేది, రాలిన పూలు ఊడ్చేది. టమాటా మొక్కకు కాయలు చాల్లేదని తమ్ముడు గొణిగితే, బజారు కాయల్ని దారంతో కొమ్మలకు వేలాడదీయడానికి కూడా ఒప్పుకుంది.

"తెల్లదారం కాదురా, ఆకుపచ్చ రీలు తీసుకో. కనబడదు," అని సలహా కూడా ఇచ్చింది. ముడులు ఆవిడే వేసింది. చేస్తున్నది తప్పయినా కుట్టు వంకరపోతే ఆవిడ ప్రాణం ఒప్పుకోదు.

షూటింగుకు ముందురోజు ఆయన మెల్లగా మిషను దగ్గరికి చేరేవాడు.

"రేపు కాలవల గురించి. ఏం చెప్పమంటావు?"

"వానలకు ముందు తియ్యాలి. నీళ్లు నిలిస్తే వేర్లు కుళ్లిపోతాయి."

"అంతేనా?"

"అంతేనండీ. కాలవ గురించి ఇంకేముంటుంది?"

మర్నాడు ఆ రెండు ముక్కలూ ఆయన నోట్లో పడి పొంగేవి. "వేరు మొక్కకు ముక్కు. ముక్కుదాకా మునిగినవాడికి అన్నం పెట్టి ఏం లాభం? కాబట్టి, తోట బంధువులారా..." బావమరిది దాని వెనక వేణువు పెట్టేవాడు. పెళ్లి వీడియోల అలవాటు కొద్దీ చివర్లో గులాబీ రేకులు కురిపించేవాడు. కాలవ తియ్యడం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నామని జనం రాసేవారు.

అందరిలోకీ పెద్ద అభిమాని పక్కింటి పంతులమ్మే. బడిలో ఆఖరి బెంచీ దాకా కనిపెట్టిన కళ్లు ఆవిడవి. గోడకు ఇవతల ఎవరు తవ్వుతున్నారో, ఎవరు టీ తాగుతున్నారో ఏళ్ల తరబడి రోజూ చూస్తూనే ఉంది. అయినా ఒకరోజు ఫోను పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, కాలవ తియ్యగానే మా బెండ మొక్కలు ఎలా లేచాయో! మీరు చెప్పకపోతే చచ్చిపోయేవి."

"నిరుడు నేనూ ఇదే చెప్పాను కదండీ టీచరుగారూ," అంది దర్జీ ఆవిడ.

"చెప్పావమ్మా, కాదనను. నువ్వు చెప్పావు. ఆయన వివరించారు."

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ చెట్టును ఫోనులో చూపిస్తే మాత్రం గోడ దూకైనా వచ్చి ఆకు కోసుకుంటారు. పంతులమ్మ మాటకు దర్జీ ఆవిడ మొహం చిన్నబోయింది. కానీ మొగుడి ముఖంలో బస్టాండు వదిలాక పోయిన వెలుగు మళ్లీ వచ్చింది. దాన్ని ఆర్పడానికి ఆవిడకు మనసు రాలేదు. సొమ్మొకరిది సోకొకరిదైనా, రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి కదా అనుకుంది.

వానలు వెనకపట్టాక ఆవిడ పెద్దక్కకు కంటి ఆపరేషనయింది. తోడుగా కొన్నాళ్లు ఉండి రావలసి వచ్చింది. వెళ్లే ముందు పెరటి గుమ్మంలో నిలబడి మొగుడికి అప్పగింతలు పెట్టింది.

"నీళ్లు మాత్రం పొయ్యండి. గులాబీలు నేనొచ్చాక కత్తిరిస్తాను. చిక్కుడు పూత మీద ఉంది, దాని జోలికి పోవద్దు. అసలు కత్తెర ముట్టుకోకండి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలు చెబితే వింటారండీ," అని ఆవిడ బస్సెక్కింది.

ఆవిడ అలా వెళ్లిందో లేదో, బావమరిది ఇలా ఊడిపడ్డాడు. ఆదివారం పొద్దున తోట మావయ్యతో ముఖాముఖి అని అప్పటికే ప్రకటించేశాడు. మైకాయన గుండె జారింది.

"మీ అక్క లేదు కదరా!"

"అక్క ఎందుకు బావా? వాళ్లొచ్చేది నీకోసం."

ఆదివారం పెరడు జనంతో నిండిపోయింది. టోపీలవాళ్లు, సంచులవాళ్లు, జబ్బు చేసిన మొక్కను కుండీతో సహా చంకన పెట్టుకొచ్చినవాళ్లు. గోడ అవతల పంతులమ్మ స్టూలు వేసుకుని నిలబడింది. మైకాయన మాట్లాడినంతసేపూ అంతా బాగానే ఉంది. ఎవరో ఒకామె, "మావయ్యగారూ, గులాబీ ఎలా కత్తిరించాలో ఒక్కసారి చేసి చూపించరూ?" అనే దాకా.

చప్పట్లు మోగాయి. బావమరిది కత్తెర తెచ్చి చేతిలో పెట్టాడు.

కొమ్మల కత్తెరను ఎలా పట్టుకుంటే ఫోటోలో బాగుంటుందో ఆయనకు తెలుసు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తెలియదు. ఆమె ఇంకా దగ్గరికి వచ్చింది. "కణుపుకు పైనా, కిందా? చిగురు లోపలి వైపుండాలా, బయటి వైపుండాలా?"

ఆయన గులాబీని చూశాడు. గులాబీ నిండా ముళ్లు.

"గులాబీ గురించి అందరూ చెబుతారు," అన్నాడు గంభీరంగా. "ఎవరూ చెప్పనిది చెబుతాను, రండి." అందరినీ చిక్కుడు పందిరి కిందికి నడిపించాడు. నీడలో కాస్త ఊపిరి తీసుకోవచ్చనే తప్ప ఆయన మనసులో ఏమీ లేదు. అక్కడ పందిరి రాటను ఆనుకుని, బెరడు లేచి, గోధుమరంగుకు తిరిగిన బొటనవేలంత కాడ ఒకటి కనబడింది. పైన చూస్తే పచ్చని తీగ, ఊదారంగు పూలు. కింద చూస్తే ఈ ఎండుపుల్ల. దీన్ని తీసేస్తే ఎవరికీ నష్టం లేదనుకున్నాడు.

"పనికిరానిదాన్ని మోయడం తోటకైనా, మనిషికైనా బరువే," అంటూ వంగి కటుక్కున కత్తిరించాడు.

చప్పట్లు. అందరి ఫోనులూ పైకి లేచాయి.

అది ఎండుపుల్ల కాదు. పందిరంతా అల్లుకున్న పాదుకు అదొక్కటే మొదలు. మొక్కలు మనుషుల్లా వెంటనే అరవవు కాబట్టి ఆయన కాసేపు ఆకుముడత గురించీ, చీమల గురించీ నిశ్చింతగా మాట్లాడాడు. ఎండ ఎక్కింది. ముందు చిగుళ్లు వాలాయి. తరవాత ఆకులు తడిగుడ్డల్లా వేలాడాయి.

"మావయ్యా, ఆకులు వాడిపోతున్నాయేంటి?" అన్నాడు కుండీ పట్టుకున్న మనిషి.

మైకాయన తలెత్తి చూశాడు. నిజం చెప్పెయ్యాలనే నోరు తెరిచాడు. కానీ ఆ నోటికి రాని బస్సులను సమర్థించడం ముప్పై ఏళ్ల అలవాటు. లోపల మనిషి వణుకుతుంటే బయటికి గొంతు మాత్రం నిండుగా, చల్లగా వచ్చింది.

"వాడిపోవడం కాదు. విశ్రమించడం."

ఫోనులు ఇంకా దగ్గరికి జరిగాయి.

"ఏడాది పొడవునా పాకి పాకి అలసిన తీగకు మనం ఎప్పుడైనా విశ్రాంతి ఇచ్చామా? పూత మీద ఉండగా ఇచ్చే విశ్రాంతే అసలైన విశ్రాంతి. దీన్ని విశ్రాంతి కత్తిరింపు అంటారు."

"ఎవరంటారు?" అని ఒక్కరూ అడగలేదు. గోడ మీది నుంచి పంతులమ్మ "ఎంత లోతుగా ఆలోచించారు!" అంది.

జనం వెళ్లాక మైకాయన తెగిన మొదలు దగ్గర తేలు కుట్టిన దొంగలా కూలబడ్డాడు. కొసను తెచ్చి మొదలుకు ఆనించి, రీలు దారంతో కట్టి చూశాడు. నీళ్లు పోశాడు. ఫలితం లేదు.

"అది తీసెయ్యరా, ఎవరూ చూడకముందే," అన్నాడు బావమరిదితో.

"నేను తీసేస్తే ఏమొస్తుంది బావా? వచ్చినవాళ్లంతా పెట్టేశారు. జనం ఎగబడి చూస్తున్నారు," అన్నాడతను ఆనందంతో ఊగిపోతూ.

మూడు నాలుగు రోజుల్లో ఊరు ఊరంతా చిక్కుళ్లకు విశ్రాంతి ఇచ్చింది. కొందరు ఉత్సాహంకొద్దీ కాకరకూ, దోసకూ కూడా ఇచ్చారు. కూరగాయల బండివాడు మైకాయన ఇంటి ముందు బండి ఆపి, ఏళ్ల తరవాత మొదటిసారి నవ్వాడు. "మీ చలవ సార్. చిక్కుడుకాయ బండి మీద నిలవడం లేదు," అన్నాడు. మైకాయన తలుపు వేసుకుని లోపలికి పోయాడు.

దర్జీ ఆవిడ తిరిగి వచ్చిన రోజు సంచీ కింద పెట్టి, కాళ్లు కడుక్కుని, అలవాటు ప్రకారం నేరుగా గోడ దగ్గరికి వెళ్లింది. పంతులమ్మ పందిరి ఎండి గలగలమంటోంది. ఆ క్షణంలో ఆవిడకు కలిగింది సంతోషమే. అయ్యో అని తరవాత అనుకుంది కానీ ముందు కలిగింది మాత్రం అదే. అదే ముఖంతో వెనక్కి తిరిగింది. సొంత పందిరి కనబడింది.

దగ్గరికి వెళ్లింది. వంగి మొదలు చూసింది. దానికి కట్టిన దారం ముడి చూసింది. అంత వికారమైన ముడి ఆ ఇంట్లో ఒక్కరే వేస్తారు.

"ఏవండీ," అంది. మామూలు గొంతే.

మైకాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎంత వెతికినా సొంత మాట దొరకలేదు. "కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము," అని వచ్చింది నోటికి.

ఆవిడ మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆయన జరిగిందంతా చెబుతుంటే, ఆ సాయంత్రం గుడ్డ లేకుండానే మిషను నడిచింది. ఆఖరికి ఆవిడే ఆపి మాట్లాడింది.

"కత్తెర ముట్టుకోవద్దన్నానా లేదా?"

"అన్నావు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? తోట అడిగిందా విశ్రాంతి? సరే, నా పాదు పోయింది, నా ఖర్మ. ఆవిడ పాదు ఎందుకు పోవాలి? ఊళ్లోవాళ్లవి ఎందుకు పోవాలి? వెళ్లి నిజం చెప్పండి."

"చెబితే నన్నెవరైనా మళ్లీ చూస్తారా?" అన్నాడాయన. అడిగిన తీరుకు ఆవిడకు జాలేసింది. అయినా తగ్గలేదు.

"నేను చూస్తాను. చాలదా?"

మర్నాడు మైకాయన టోపీ లేకుండా కెమెరా ముందు నిలబడ్డాడు. తనకు తోటపని రాదనీ, పని చేసేదీ చెప్పేదీ భార్య అనీ, టమాటాలు దారంతో కట్టినవనీ, విశ్రాంతి కత్తిరింపు అనేది లోకంలో లేదనీ, అది తన బుద్ధితక్కువ అనీ ఒక్కొక్కటే చెప్పాడు. గొంతు వణికింది. బావమరిది చావుకు వచ్చినవాడిలా ముఖం పెట్టుకుని, వేణువు లేకుండా పంపాడు.

మధ్యాహ్నానికి జవాబులు కుప్పతెప్పలుగా వచ్చాయి. "ఎంత వినయం!" "నిండుకుండ తొణకదు." "భార్యను ఇంతగా గౌరవించే మగవాణ్ణి నేను చూడలేదు." "మావయ్య రెండో దశ రహస్యం దాచిపెడుతున్నారు, మనం అర్హులం కావాలి." సాయంత్రానికి ఎవరో 'విశ్రాంతి కత్తిరింపు: రెండో దశ' అని సొంతంగా పాఠాలు మొదలుపెట్టేశారు.

పంతులమ్మను స్వయంగా కలిసి చెబుదామని భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. ఆవిడ ఎండిపోయిన మోడుకు పాలలో నీళ్లు కలిపి పోస్తోంది.

"టీచరుగారూ, అది ఇక లేవదండీ. నేను తప్పు చెప్పాను," అన్నాడు మైకాయన.

"మీరు తప్పు చెప్పడమేంటి అన్నయ్యగారూ? మా మట్టిలోనే ఏదో దోషం ఉంది," అంది ఆవిడ కన్నీళ్లు తుడుచుకుంటూ.

మింగలేక కక్కలేక ఇంటికొచ్చాడు. దర్జీ ఆవిడ పార తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"చిక్కుడు కాలం దాటిపోయింది. ఎండుతీగ లాగేసి, అక్కడ మడి తవ్వండి. ముల్లంగి వేద్దాం."

"నేనా?"

"మరి? వివరించడం కుదరదిప్పుడు. తవ్వాలి."

ఆయన తవ్వాడు. మొదటి రోజు అరచేతులు బొబ్బలెక్కాయి. రెండో రోజు నడుం పట్టేసింది. ఆ తరవాత ఆవిడ గులాబీ కొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. "బయటికి చూసే చిగురుకు పైన, ఇలా ఏటవాలుగా." ఆయన మొదటిది సరిగ్గా, రెండోది తిరగేసి, మూడోదానితోపాటు తన వేలి చర్మం కాస్త కత్తిరించాడు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఆవిడ తిట్టింది కానీ, తిడుతూనే వేలికి గుడ్డపీలిక చుట్టింది.

బావమరిది ఆశ చావక అవి కూడా తీశాడు. కానీ తవ్వే మనిషికి గొంతు ఉండదు. "ఇలా... లోతుగా... అబ్బా... ఆగరా..." అని రొప్పుతున్న మావయ్యను జనం గుర్తుపట్టలేకపోయారు. చొక్కా నిండా బురద. "మావయ్యకు ఒంట్లో బాగాలేదా?" అని కొందరు రాశారు. "వెనక ఒకావిడ అస్తమానం అడ్డు వస్తోంది, ఆమెను తప్పుకోమనండి," అని మరొకరు. ముల్లంగి మొలకెత్తేసరికి చూసేవాళ్లు చుట్టాలు నలుగురే మిగిలారు. వాళ్లు కూడా మొహమాటానికి.

ఒకనాడు బావమరిది కెమెరా సర్దుకున్నాడు. "బావా, ఏమీ అనుకోకు. కొత్తగా ఒకాయన వచ్చాడు. మేడ మీద కుండీలు, తెల్ల చొక్కా, మంచి గొంతు. నన్ను రమ్మంటున్నాడు."

"పోరా. భోంచేసి వెళ్లు," అన్నాడు మైకాయన. అనుకున్నంత బాధ కలగకపోవడం ఆయనకే వింతగా అనిపించింది. ఎరువు జల్లెడ సగంలో ఉంది, ఎండ ఎక్కకముందే అవ్వాలి.

చలి బాగా ముదిరిన ఒక పొద్దున ఇద్దరూ ముల్లంగి మడిలో కలుపు తీస్తుండగా గోడ మీద పంతులమ్మ తల కనబడింది. ముఖం వెలిగిపోతోంది.

"అన్నయ్యగారూ, ఆ కొత్తాయన చెప్పేది వింటున్నారా? ఎంత చక్కగా వివరిస్తున్నాడో! చెట్టు వేరుకు ఏడాదికొకసారి ఎండ తగలాలట. మా నిమ్మచెట్టుకు నిన్ననే చుట్టూ తవ్వి వేర్లన్నీ బయట పెట్టాను."

మైకాయన, భార్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ లేచేలోపే ఆయన పార భుజాన వేసుకుని వీధి గుమ్మం వైపు పరుగెత్తాడు. వెనకే తడి గోనెసంచి పట్టుకుని ఆవిడ.

నిమ్మచెట్టు పాపం కాళ్లు బార్లా చాపుకున్నట్టు, వేర్లు ఆరబెట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని గబగబా మట్టి లాగడం మొదలుపెట్టారు.

"అయ్యయ్యో, ఏంటిది అన్నయ్యగారూ! కప్పెయ్యకండి! ఆయన ఎంతో చదువుకున్నవాడు. మీకేం తెలుసని?"

"నాకు తెలియదండీ. ఈవిడకు తెలుసు," అన్నాడు మైకాయన రొప్పుతూ.

"ఈమె ఎప్పుడూ వీడియోలో చెప్పలేదే!"

"చెప్పదండీ. మీరు ఆ బిందె ఇలా అందించండి."

పంతులమ్మ బిందె వైపు చూసింది. తరవాత చేతిలోని ఫోను వైపు చూసింది. ఇలా మట్టి కప్పేవాళ్లు వస్తే ఏం చెయ్యాలో ఆ కొత్తాయన ఎక్కడైనా చెప్పాడేమోనని కళ్లద్దాలు సవరించుకుంటూ వెతకసాగింది. దర్జీ ఆవిడ లేచి వెళ్లి, బిందె తానే తెచ్చుకుని, కప్పిన వేర్ల మీద నీళ్లు పోసింది.